మాక్యులర్ హోల్ ఆపరేషన్: రంధ్రం మూసుకోవడం ఒక ఎత్తు, చూపు రావడం మరో ఎత్తు

మీరు రాసింది క్లుప్తంగా మళ్లీ చెప్పుకుందాం. అమ్మగారికి 66 ఏళ్లు. నాలుగు నెలలుగా కుడికంటితో చదువుతుంటే లైను మధ్యలో అక్షరాలు నొక్కుకుపోయినట్టు కనిపిస్తున్నాయి. ఎదుటి మనిషిని చూస్తే ముక్కు ఉండాల్సిన చోట మసక. రెటీనా పొరల్ని అడ్డంగా కోసినట్టు చూపించే ఓసీటీ స్కాన్‌లో 480 మైక్రాన్ల మాక్యులర్ హోల్ అని, అంటే కంటి వెనక కాంతిని పట్టే రెటీనా పొరకి నడిమధ్యన, మాక్యులా అనే చోట రంధ్రం పడిందని తేలింది. విట్రెక్టమీ (కంటి లోపలి జిగురు పదార్థాన్ని తీసేసే ఆపరేషన్) చేసి, పొర ఒలిచి, ఫ్లాప్ వేసి, గ్యాస్ నింపుతామని, ఆ తర్వాత కొన్ని రోజులు బోర్లా ఉండాలని డాక్టరుగారు చెప్పారు. మీరు అడిగినవి నాలుగు: ఆ రంధ్రాన్ని ఎలా కుడతారు, లేజర్‌తో కుదరదా, చూపు మునుపటిలా వస్తుందా, ఆపరేషనైన ఆరు వారాలకి అమ్మ మీ తమ్ముడి దగ్గరికి విమానంలో వెళ్లొచ్చా. ఇరవై ఏళ్లకు పైగా రెటీనా ఆపరేషన్లే చేస్తున్నాను కాబట్టి కాస్త తీరిగ్గానే రాస్తాను. అమ్మగారి కన్ను నేను చూడలేదు కనుక, ఎక్కడైనా నా మాటకీ అక్కడి డాక్టరుగారి మాటకీ తేడా వస్తే ఆయన మాటే వినండి.

కుట్టడం అనేది ఇందులో లేదు. నిజం చెప్పాలంటే ఆ రంధ్రాన్ని మేం మూయం కూడా. అది మూసుకోకుండా అడ్డుపడుతున్నవాటిని తీసేస్తాం, కొన్నాళ్లు దాని మీదికి నీరు చేరకుండా చూస్తాం. మూసుకోవడం రెటీనా పని. ఈ ముక్క అర్థమైతే గ్యాస్ ఎందుకో, బోర్లా ఎందుకో, చూపుకి నెలలు ఎందుకు పడతాయో మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

కంటి గోళం లోపల విట్రియస్ అని జిగురుగా ఉండే పారదర్శక పదార్థం నిండి ఉంటుంది. వయసు పైబడేకొద్దీ అది పలచబడి, కుంచించుకుని, రెటీనా నుంచి మెల్లగా ఊడి వస్తుంది. అందరికీ జరిగేదే. కొందరిలో మాత్రం చుట్టూ ఊడినా మాక్యులా నడిబొడ్డున, ఫోవియా దగ్గర, పట్టు వదలదు. అక్కడ రెటీనా పలచన. లాగి లాగి చివరికి చీలుతుంది. అరవై దాటినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. కంటికి దెబ్బ తగిలినా, బాగా ఎక్కువ మైనస్ పవర్ ఉన్నా కూడా రావచ్చు, కానీ అమ్మగారి వయసులో మామూలుగా కారణం ఈ లాగుడే. ఫోన్ చూడటం వల్లనో, సన్నటి అక్షరాలు చదవడం వల్లనో, ఏడవడం వల్లనో వచ్చింది కాదు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాటతో పేషెంటుని సాధిస్తుంటారు, అందుకే ప్రత్యేకించి రాస్తున్నాను.

480 మైక్రాన్లంటే అర మిల్లీమీటరుకి కాస్త తక్కువ. 2013 నుంచి మేం వాడుతున్న వర్గీకరణలో 250 వరకు చిన్నది, 400 వరకు మధ్యరకం, ఆపైన పెద్దది. అమ్మగారిది పెద్దవాటిలో చిన్నది. సమయం కూడా మరీ మించిపోలేదు. ఏళ్లు గడిచిన రంధ్రాలతో పోలిస్తే ఆరు నెలలలోపు ఆపరేషన్ జరిగినవాటిలో ఫలితం బాగుంటుంది. అలాగని రేపే పరుగెత్తాల్సిన ఎమర్జెన్సీ కాదు. కొన్ని వారాలు పర్వాలేదు, ఏడాది వాయిదా వేయకండి.

రంధ్రం అనగానే అక్కడి కణజాలం తెగి ఎగిరిపోయిందని అనుకుంటారు. కొంచెం పోతే పోయి ఉండవచ్చు, కానీ ఎక్కువ భాగం పక్కకి జరిగిందే. అల్లిన స్వెటర్‌లోకి వేలు దూర్చండి. కన్నం పడుతుంది, దారం మాత్రం తెగలేదు. వేలు తీసి చుట్టూ సర్దితే చాలావరకు దగ్గరికొస్తుంది. అమ్మగారికి అక్షరాలు నొక్కుకుపోయినట్టు కనబడటానికి కారణం కూడా ఇదే. నడిమధ్య ఉండాల్సిన కణాలు అంచుకి నెట్టుకుపోయాయి, కానీ మెదడుకి అవి ఇంకా పాత చిరునామాతోనే కబురు పంపుతున్నాయి. అంచున పడిన బొమ్మ మధ్యలో ఉన్నట్టు తోస్తుంది. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూసే మైక్రోస్కోప్) దగ్గర కూర్చోబెట్టి సన్నటి వెలుగు గీతని సరిగ్గా రంధ్రం మీదుగా వేసి "ఎలా ఉందమ్మా?" అని అడుగుతాం. "మధ్యలో తెగింది" అంటే పూర్తి రంధ్రమని దాదాపు ఖాయం. "మధ్యలో సన్నబడింది" అనేవాళ్లూ ఉన్నారు. ఓసీటీ రాకముందు ఈ గీతే మాకు పెద్ద ఆధారం.

లేజర్ సంగతి. రెటీనా అంచుల్లో చిరుగు పడితే, నీరు దూరి రెటీనా ఊడిపోకుండా చుట్టూ లేజర్‌తో వెల్డింగ్ లాంటిది చేస్తాం. ఇంటర్నెట్‌లో "రెటీనాలో రంధ్రం" అని వెతికితే ఎక్కువగా కనబడేది అదే. మాక్యులర్ హోల్ దానికి సంబంధం లేని జబ్బు. లేజర్ అంటే కాల్చడం, మచ్చ వేయడం. మనం చదివేది, ముఖాలు గుర్తుపట్టేది ఏ చోటుతోనో ఆ చోటే కాల్చుకుంటామా? ఇక ఇంజెక్షన్: విట్రియస్ పట్టు వదిలించడానికి ఆక్రిప్లాస్మిన్ అనే మందుకి 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. లాగుడు ఇంకా తగ్గని చిన్న రంధ్రాల్లో కొన్నిటికి పనిచేసింది, తర్వాత అక్కడి మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. 480కి అది ఎలాగూ దారి కాదు.

1991 వరకు ఈ జబ్బుకి వైద్యమే లేదు. ఆ ఏడాది కెల్లీ, వెండెల్ అనే ఇద్దరు సర్జన్లు 52 మందికి విట్రెక్టమీ చేసి గ్యాస్ పెట్టిన ఫలితాలు ప్రకటించారు. 30 మందిలో రంధ్రం మూసుకుంది. అంతకుముందు "దీనికేం చేయలేం, అలవాటు పడండి" అని పంపించేవారు. ఈరోజు అమ్మగారిలాంటి కంటికి మొదటి ఆపరేషన్‌తోనే మూసుకునే అవకాశం పదిలో తొమ్మిదికి తగ్గదు.

ఆపరేషన్ సాధారణంగా కంటి పక్కన మత్తు సూదితోనే జరుగుతుంది. తెల్లగుడ్డు మీద, నల్లగుడ్డు అంచుకి మూడున్నర నాలుగు మిల్లీమీటర్ల దూరంలో మూడు చిన్న ద్వారాలు పెడతాం. 25 గేజ్ అనే సైజు పరికరాలైతే ఒక్కోటి అర మిల్లీమీటరు. ఒకదాని నుంచి సెలైన్ లాంటి ద్రవం లోపలికి వెళ్తుంటుంది, ఒకదాంట్లో దీపం, ఒకదాంట్లో విట్రియస్‌ని నిమిషానికి కొన్ని వేలసార్లు కత్తిరిస్తూ పీల్చే కట్టర్. ముందు మధ్యలోని జిగురు తీసేస్తాం. తర్వాత ఆప్టిక్ నర్వ్ దగ్గర కట్టర్‌ని ఆనించి పీలుస్తూ, రెటీనాకి అంటుకున్న వెనక పొరని లేపుతాం. తెల్లటి స్టెరాయిడ్ రేణువులు చల్లితే తప్ప ఆ పొర కంటికి ఆనదు. అది లేచేటప్పుడు ఒక తెర అలలా వెనకనుంచి ముందుకి వస్తుంది. అప్పటితో నిలువుగా లాగే లాగుడు ఆగిపోయినట్టే.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. రెటీనా పైముఖాన ఇంటర్నల్ లిమిటింగ్ మెంబ్రేన్ అని ఒక పొర ఉంటుంది. మేం ఐఎల్ఎం అంటాం. మందం మహా అయితే రెండు మూడు మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో పాతికో వంతు కూడా ఉండదు. అది బిగుతుగా ఉన్నంతకాలం రంధ్రం అంచులు ఒకదానివైపు ఒకటి రాలేవు. నీళ్లలాగే కనబడే ఆ పొరని చూడాలంటే బ్రిలియంట్ బ్లూ అనే రంగు వేయాలి. కొన్ని సెకన్లు ఉంచి కడిగేస్తే మాక్యులా అంతా లేత నీలం, నడుమ రంధ్రం మాత్రం రంగు పట్టకుండా గుండ్రంగా కనబడుతుంది. చాలా సన్నటి మొనలున్న ఫోర్సెప్స్‌తో, రంధ్రానికి కొంచెం ఎడంగా, పొరని మాత్రమే గిల్లాలి. లోతుగా గిల్లితే కింది నరాల పొర చిరుగుతుంది, పైపైన గిల్లితే ఏమీ రాదు. పట్టు దొరికాక చిన్న మూల లేస్తుంది. ఆ మూలని పట్టుకుని పైకి కాదు, రెటీనాకి దాదాపు ఆనించినట్టే, రంధ్రం చుట్టూ గుండ్రంగా లాక్కుంటూ పోవాలి. నీలం పొర లేచిన చోట రెటీనా పాలిపోయి బయటపడుతుంటుంది. పేషెంటు దగ్గితే గుండె ఆగుతుంది, మాకు! అందుకే "దగ్గు వచ్చేలా ఉంటే ముందే చెప్పండి" అని పదిసార్లు చెబుతాం. అమ్మగారికి జలుబు, దగ్గు ఉంటే ఆపరేషన్ ముందురోజే డాక్టరుగారికి చెప్పండి, దాచొద్దు.

ఫ్లాప్ అంటే, ఆ పొరని మొత్తం తీసి పారేయకుండా రంధ్రం అంచుకి అతుక్కుని ఉన్న కాస్త భాగాన్ని వదిలేసి, దాన్ని తిరగేసి రంధ్రం మీద కప్పడం. ఆ కప్పు మూత కాదు, పందిరి. రెటీనాలో ముల్లర్ కణాలని ఉంటాయి, దానిని నిలబెట్టే స్తంభాలలాంటివి. అవి ఈ పందిరి ఆసరాతో ఇటునుంచీ అటునుంచీ పాకి కలుసుకుంటాయి. పోలండ్‌కి చెందిన మిఖలెవ్‌స్కా బృందం 2010లో 400 మైక్రాన్లు దాటిన రంధ్రాలపై ఈ పద్ధతి ఫలితాలు రాసింది. మామూలుగా పొర తీస్తే 88 శాతం, ఫ్లాప్‌తో 98 శాతం మూసుకున్నాయి. అయితే పందిరి ఎక్కువై రంధ్రంలో కుక్కుకుపోతే నడిమధ్యన మచ్చలాంటి కణజాలం పేరుకుని, స్కాన్‌లో మూసుకున్నట్టే ఉన్నా చూపు అనుకున్నంత రాదు. 480 సరిగ్గా గీత మీద ఉన్న కేసు. ఫ్లాప్ వేస్తామన్నా సరే, వద్దు పొర తీస్తే చాలన్నా సరే, నేను తప్పుపట్టను. ఆ సర్జన్ చేతికి ఏది బాగా అలవాటో అది చేయనివ్వండి. 700, 800 మైక్రాన్లయితే మాత్రం ఫ్లాప్ గురించి నేనే అడిగి ఉండేవాణ్ని.

చివరిగా లోపలి ద్రవాన్ని గాలితో మార్చి, ఆ తర్వాత గ్యాస్. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ రెండు మూడు వారాలుంటుంది, పెర్‌ఫ్లోరోప్రొపేన్ ఆరు నుంచి ఎనిమిది వారాలు. గ్యాస్ రంధ్రాన్ని నొక్కి మూస్తుందని చాలామంది అనుకుంటారు. నొక్కడం కంటే నీటిని దగ్గరికి రానీయకపోవడమే దాని పెద్ద సాయం. తడి ఆగగానే రెటీనా కింది పొర మిగిలిన నీటిని లాగేసుకుంటుంది, ఎత్తుగా లేచిన అంచులు వాలి దగ్గరవుతాయి. గ్యాస్ ఉండగానే స్కాన్ తీసి చూస్తే చాలా రంధ్రాలు ఒకటి రెండు రోజుల్లోనే మూసుకుని కనబడతాయి. కాబట్టి బోర్లా ఉండటంలో విలువంతా మొదటి రోజులదే.

బుడగ పైకి తేలుతుంది. మాక్యులా ఉన్నది కంటి వెనకగోడ మీద. ముఖం నేలకి వాలిస్తే వెనకగోడే పైకి వస్తుంది, బుడగ అక్కడ ఆనుతుంది. అంతే లెక్క. బోర్లా పడుకోవడమే అక్కర్లేదు. కూర్చుని బల్ల మీద చేతులు పెట్టి నుదురు ఆనించినా, నడుస్తూ తల దించుకున్నా ముఖం నేలని చూస్తే చాలు. పెద్ద రంధ్రాల మీద బ్రిటన్‌లో జరిగిన ఒక ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. ముఖం దించినవాళ్లలో 95.5 శాతం, నిటారుగా ఉన్నవాళ్లలో 85.6 శాతం మూసుకున్నాయి. గణాంకాల లెక్కలో ఆ తేడా ఖాయమని తేలలేదు. అయినా నా తల్లి కన్నయితే ఐదు రోజులు దించమనే చెబుతాను. గంటలో యాభై నిమిషాలు దించి, పది నిమిషాలు తిండికీ నడకకీ వదిలేయండి. రాత్రి నిద్రలో పక్కకి తిరిగినా కంగారు పడొద్దు, వెల్లకిలా మాత్రం వద్దు. మెడ నొప్పి ఉన్నవాళ్లు ఆపరేషన్‌కి ముందే రెండు రోజులు సాధన చేస్తే తేలిక.

ఇక్కడి నుంచి మీరు ఎక్కువ భయపడే రోజులు. పట్టీ విప్పగానే అమ్మగారికి చెయ్యి ఊపితే తెలిసేంత మాత్రమే కనబడుతుంది. ముందే చెప్పకపోతే "ఉన్న చూపూ పోయింది" అని ఏడుస్తారు. ఒక పెద్దాయన వారం రోజులకి నా గదిలోకి వచ్చి "మీరు నా కన్ను తీసేశారు" అని కుర్చీలో కూర్చోకుండా నిలబడిపోయారు. ఆయనకి గ్యాస్ గురించి నేను చెప్పానని నా లెక్క, చెప్పలేదని ఆయన లెక్క. అప్పటినుంచి కాగితం మీద బొమ్మ వేసి ఇస్తున్నాను. గ్యాస్ తగ్గేకొద్దీ చూపులో పైభాగం తేటపడుతుంది. దాని కింద నీటి మట్టంలా ఊగే గీత ఒకటి ఉంటుంది, తల కదిపితే అదీ ఊగుతుంది. లోపల బుడగ పైకి తేలినా మనకి కిందనే కనబడుతుంది, రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కదా. రోజూ గీత కాస్త కిందికి దిగుతుంది. ఆఖర్న నల్లటి అంచున్న చిన్న గోళీ అడుగున దొర్లుతుంటుంది, ఒక్కోసారి రెండు మూడుగా విడిపోతుంది. ఒకరోజు పొద్దున లేచేసరికి ఉండదు.

గ్యాస్ పోయాక తీసే ఓసీటీలో "మూసుకుంది" అంటారు. ఇంట్లో అందరూ సంతోషిస్తారు, అమ్మగారు మాత్రం "నాకేం తేడా లేదే" అంటారు. ఇద్దరిదీ నిజమే. మొదట కలిసేది పై పొరలు, వంతెనలాగా. దాని కింద కాంతిని పట్టే కణాల వరుసలో ఇంకా చిన్న ఖాళీ ఉంటుంది. స్కాన్‌లో ఆ వరుసల్ని రెండు సన్నటి గీతలుగా చూస్తాం. ముందు ఎక్స్‌టర్నల్ లిమిటింగ్ మెంబ్రేన్ గీత అతుకుతుంది, ఆ తర్వాతే దాని కిందున్న ఎల్లిప్సాయిడ్ జోన్ గీత. మొదటిది అతకకుండా రెండోది అతకడం జరగదు. ఈ రెండో గీత ఎంత కలిస్తే చూపు అంత. దానికి నెలలు పడుతుంది. ఎక్కువ మార్పు మూడు నుంచి ఆరు నెలల్లో, ఆ తర్వాతా ఏడాది, ఏడాదిన్నర దాకా కొద్దికొద్దిగా. ఫాలోఅప్‌లో "మూసుకుందా" అని మాత్రమే అడిగి వచ్చేయకండి, "ఎల్లిప్సాయిడ్ జోన్ ఎంతవరకు కలిసింది" అని అడగండి. చూపు గురించి అసలు కబురు అక్కడుంది.

ఎంత వస్తుంది? ఆపరేషన్‌కి ముందు 6/60 దగ్గరుంటే (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి మాత్రమే చదవగలగడం), ఈ సైజులో 6/18 వస్తే మంచి ఫలితం, 6/12 వస్తే చాలా మంచిది. 6/6 గురించి ఎవరైనా మాటిస్తే నమ్మకండి. వంకర చాలావరకు తగ్గుతుంది, మధ్యలో చిన్న నొక్కు కొందరికి మిగిలిపోతుంది. రెండు కళ్లూ తెరిస్తే అది తెలియకపోవచ్చు. పేషెంట్లు ఎక్కువ సంతోషించేది అంకెతో కాదు, బాగున్న కంటికి ఈ కన్ను అడ్డుపడటం ఆగినందుకు. విటమిన్ మాత్రలతో, కంటి వ్యాయామాలతో ఈ గీతలు త్వరగా అతకవు. రోజూ ఒక కన్ను మూసి పరీక్షించుకోవడం కూడా మానేయమనండి. నెలకోసారి అదే పేజీ, అదే దూరం, అదే దీపం దగ్గర చూసుకుంటే తేడా తెలుస్తుంది. కొత్త కళ్లజోడు మూడు నెలలకి ముందు చేయించకండి.

ఇంకో మలుపు ఉంది, ఇది చెప్పకపోతే ఆరేడు నెలలకి నన్ను తిట్టుకుంటారు. అరవై దాటినవాళ్లకి విట్రెక్టమీ తర్వాత రెండేళ్లలోపు దాదాపు అందరికీ శుక్లం ముదురుతుంది. బాగుపడుతున్న చూపు మళ్లీ మసకబారితే రంధ్రం తిరిగి తెరుచుకుందని బెంగపడతారు. నూటికి తొంభై సార్లు శుక్లమే. అది తీశాకే అసలు చూపు బయటపడుతుంది. ఇప్పటికే శుక్లం కొంత ఉంటే రెండూ ఒకేసారి చేయించే వీలుందేమో అడగండి, ఆవిడకి ఒక ఆపరేషన్ తప్పుతుంది.

మొదటిసారి మూసుకోకపోతే? స్కాన్‌లో అంచులు వాలి, మధ్య ఖాళీగా మిగిలితే, రెండోసారి పొరని ఇంకాస్త విస్తారంగా తీయడం, వేరే చోటినుంచి తెచ్చిన ఐఎల్ఎం ముక్క, ఉమ్మనీటి సంచి పొర, చివరికి అంచు రెటీనా ముక్కనే తెచ్చి అమర్చడం దాకా దారులున్నాయి. ఇప్పుడే వాటి గురించి చదివి నిద్ర పాడుచేసుకోకండి. చదవాల్సినవి ఇవి: కన్ను తీవ్రంగా నొప్పెట్టి తలనొప్పి, వాంతులు వస్తే కంటి ప్రెషర్ పెరిగి ఉండొచ్చు. ఎరుపు, నొప్పి పెరుగుతూ ఉన్న చూపు తగ్గితే ఇన్ఫెక్షన్. పక్కనుంచి నల్లటి తెర కమ్ముకొస్తుంటే రెటీనా ఊడుతోంది. మూడింటిలో ఏదైనా సరే, తెల్లారేదాకా ఆగకూడదు. రెండో కంటికి కూడా ఓసీటీ తీయించారో లేదో చూడండి. అక్కడ విట్రియస్ అప్పటికే పూర్తిగా విడిపోయి ఉంటే ముప్పు చాలా తక్కువ, ఇంకా అతుక్కుని ఉంటే అప్పుడప్పుడు గళ్ల కాగితం చూపించి గీతలు వంకరపోయాయేమో అడుగుతుండండి.

విమానం. కంట్లో గ్యాస్ ఉండగా విమానం ఎక్కితే, పైన గాలి ఒత్తిడి తగ్గి బుడగ ఉబ్బుతుంది, కంటికి రక్తం అందక చూపు శాశ్వతంగా పోవచ్చు. ఎత్తైన కొండల మీదికి కారులో వెళ్లినా అదే ప్రమాదం. ఈలోగా వేరే ఏ ఆపరేషనైనా పడితే మత్తు డాక్టరుకి గ్యాస్ సంగతి చెప్పాలి, నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు వాడకూడదు. దీనికోసం చేతికి ఒక పట్టీ కడతారు, గ్యాస్ పోయేదాకా స్నానానికి కూడా విప్పొద్దు. ఆరు వారాల ప్రయాణం గురించి డాక్టరుగారికి ఇప్పుడే చెప్పండి. తక్కువ రోజులుండే గ్యాస్‌తో సరిపెట్టగలరేమో ఆయన ఆలోచిస్తారు. ఆరు వారాలకైనా, పది వారాలకైనా వెళ్లమనాల్సింది క్యాలెండర్ కాదు, కంట్లోకి చూసి చుక్క బుడగ కూడా లేదని చెప్పిన డాక్టరు. అందుకని తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి.